చెరువు చలికి తగిన వస్త్రము



మార్గశిరము వచ్చినది మొదలు మా గరిడేపల్లిలో తెల్లవారుజామున వాకిలి యూడ్చుట యొక తపస్సువలె నున్నది. చీపురు పట్టిన వ్రేళ్లు కొంకర్లు పోవుచున్నవి. కల్లాపి నీరు పాదములపై చిందినంతనే యొడలు జల్లుమనుచున్నది. ఆ కొంచెమునకే మనము ముడుచుకొని లోనికి వచ్చి పొయ్యి చెంతకు చేరుదుము. సరిగా ఆ వేళకే మా వీథి వెంట వలలు భుజములపై వేసికొని చెరువునకు పోవువారి యడుగుల చప్పుడు వినబడును. మనము చుక్క నీటికి జడిసిన వేళ వారు మొలలోతు నీట దిగవలెను. అట్టివారికి తగిన చలిబట్ట యెట్టిదో యీ మాసము ముచ్చటింప దలచితిమి.

ఇది మగవారి విషయము గదా, మన పుటలో నేల యని యనుకొనవలదు. ఇంటిలో నెవరికే బట్ట కొనవలెనో, దేని నుతికి యారవేయవలెనో, దేనిని పెట్టెలో దాచవలెనో నిర్ణయించునది మనమే. ఆ నిర్ణయములో మేము చేసిన తప్పు నొకదానిని దాచక చెప్పి, దానివలన నేర్చుకొన్నది మీకు విన్నవించెదము.

వేట యనగానే కావ్యములు చదివినవారికి మనుచరిత్రములోని స్వరోచి వేటయు, ధూర్జటి చెప్పిన తిన్నని వేటయు జ్ఞప్తికి వచ్చును. అడవి మృగముల వేట 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముతో నిషిద్ధమైనది. అది కావ్యములలో నుండుటయే మేలు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడెముల నడుమ నున్న మా వైపున వేట యనగా నిపుడు చేపల వేటయే. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ నీటితో మా వైపు మెట్ట నేలలు వరిమళ్లయినవి. వానకాలమున చెరువులలో పిల్లలుగా విడిచిన బొచ్చెలు, రాగండ్లు చలికాలమునకు వలకు తగినంత పెరుగును. కాబట్టి నీటిలో దిగవలసిన పని యెక్కువగుటయు, గాలి చల్లబడుటయు నొక్కమారే సంభవించును.

మన చలి హిమాలయముల చలి కాదు, నిజమే. ఆదిలాబాదు వైపునను, అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలోను వలె మాకు మంచు గడ్డకట్టునంత చలి లేదు. అయినను పదిపదునైదు డిగ్రీల వేకువ గాలి తడిసిన దేహమునకు చాలినంత అపకారము చేయగలదు. ఈ సంగతి మేము పుస్తకమున చదివి తెలిసికొనలేదు.

క్రిందటి యేడు పుష్యమాసములో జరిగినది. మా వీథికి చేపల గంప తెచ్చు పెద్దామె యొకతె కలదు. ఆమె కొడుకు ఇరువది యేండ్లవాడు. సంఘమువారితో కలసి చెరువులో వల లాగును. ఒకనాటి వేకువ వాడు పలుచని చొక్కాతో పోవుచుండగా చూచి మాకు జాలి కలిగినది. మా మేనల్లుడు పట్టణము నుండి వచ్చినపుడు విడిచిపోయిన మందపాటి నూలు కోటొకటి పెట్టెలో నుండెను. తలకు టోపీ కూడ దానికే కుట్టియుండెను. పట్టి చూచిన మెత్తగా, బరువుగా, లోపల నూగుతో నుండెను. ఇంతకన్న వెచ్చని బట్ట యేమి కలదని మురిసి దానిని వానికిచ్చితిమి. ఇచ్చినందులకు మనస్సులో కొంత గర్వము కూడ పొందితిమి, దాచనేల?

నాలుగైదు దినములు గడచినవి. ఉత్తరపు గాలి విసరుచున్న యొక వేకువ వాడా కోటుతోనే నీట దిగి రెండు గంటలు వల లాగెనట. మొదట మోచేతుల దాక తడిసినది. పిదప నీరు కోటు వెంట నెగబ్రాకి రొమ్ము దాక నానినది. కొంతసేపు గజగజ వణకెను. తరువాత వణకుట మానెను. తోడివారు చలి వదలినదని యనుకొనిరి. కాని పిలిచిన మాట తడబడినది. చేతిలోని త్రాడు జారిపోవుచున్నను వానికి తెలియలేదు. అది కనిపెట్టిన వృద్ధుడొకడు వానిని గట్టునకు లాగి, తడికోటు విప్పించి, ఒడలు తుడిచి, తన నల్ల గొంగడి చుట్టబెట్టి, తానును చెంత నానుకొని కూర్చుండెను. చాలసేపటికి వాడు మరల వణకసాగెను, మాటలు కుదుటబడినవి. పిమ్మట వైద్యునికి చూపగా, ఇంకొంత యాలస్యమైన ప్రాణమునకే ముప్పు వచ్చియుండునని చెప్పెనట.

మరునాడు ఆ తల్లి కోటు నుతికి, ఆరవేసి, మడత పెట్టి మా కరుగుపై నుంచినది. “మీ కోటు మంచిదే బిడ్డా, ఇంట్ల కూసుండెటోళ్లకు మంచిది. నీళ్లల్ల దిగెటోనికి గాదు” అనినది. తెలియక చేసితిమని మేము చెప్పబోగా, “నువ్వేం జేస్తవు బిడ్డా, నువ్వెన్నడన్న చెరువుల దిగినదానివా?” అని తానే మమ్ము నోదార్చినది. ఆ యోదార్పు మాకు నిందకన్న నెక్కువగా తగిలినది.

ఆ రాత్రి రామాయణము విప్పి అరణ్యకాండములోని హేమంత వర్ణనము మరల చదివితిమి. పంచవటిలో తెల్లవారుజామున సీతారాములు గోదావరీ స్నానమునకు పోవుచుండగా, వెంట కలశముతో నడచుచు లక్ష్మణుడు ఋతువును వర్ణించును. దప్పిగొన్న యేనుగు చన్నీరు తాకి తొండము వెనుకకు తీసికొన్నదనియు, నీటి పక్షులు గట్టుననే కూర్చుండి నీట దిగుటకు జంకినవనియు చెప్పును. సుకుమారుడగు భరతుడు రాత్రి కడజామున సరయువులో నెట్లు మునుగుచున్నాడో యని బాధపడును. చిన్ననాట మా తండ్రిగారు చెప్పగా దీనిని కంఠస్థము చేసినవారమే. ఇన్నేండ్లుగా దానిని వర్ణనముగానే చదివితిమి. ఏనుగు జంకిన నీట మనిషి దిగుచున్నాడని, తన యన్నను తలచుకొని లక్ష్మణుడు పడిన బాధ యదియని ఆ రాత్రి కాని తెలియలేదు.

ఇక మందపాటి కోటు ఏల చెఱచినదో విచారింతము. చలిబట్టకు తనయందు వేడి లేదు. వేడి మన దేహములోనిది. బట్ట దానిని పోనీయక కాచునది మాత్రమే. అట్లు కాచునది దారము కన్న దారముల సందున నిలిచిన పొడిగాలి. నీరు గాలికన్న సుమారు 25 రెట్లు త్వరగా వేడిని లాగుకొనును. బట్ట నానినపుడు గాలి యున్న చోట నీరు చేరును, కాచవలసినదే దోచునదగును. ఇది మనకు వంటయింటిలో నిత్యము తెలిసిన విషయమే. పొడి మసిగుడ్డతో వేడి గిన్నె దింపిన చేయి కాలదు. అదే గుడ్డ తడిసియున్న చుర్రుమనును. వేసవిలో కూజా చల్లబడుటకు తడిగుడ్డ చుట్టుదుము. గాలి తగిలినకొలది నీరు మరింత చల్లనగును. మేమా బిడ్డకు చేసినది సరిగా నిదియే. నూలు నీటిని కడుపునిండ త్రాగి, త్వరగా విడువదు. అందుచేత నది యెంత మందమైన తడిసినపుడు అంత చెఱుపు చేయును.

ఉన్ని స్వభావము వేఱు. ఉన్నిపోగు వంకరటింకరగా నుండి తనలో గాలిని నిలుపును. తన బరువులో దాదాపు మూడవవంతు తేమను పోగులోనికి పీల్చుకొనియు, పైకి తడిగా తోచదు. బాగుగా తడిసిన ఉన్నియు కొంతవఱకు వెచ్చదన మిచ్చును. సంస్కృతమున, చలి యెవనిని బాధింపదను ప్రశ్నలోనే కంబళము గలవానినను జవాబు దాగిన చమత్కార మొకటి కలదు. ఆ కంబళమే మన గొంగడి.

తెలంగాణములో కురుమలు దక్కనీ జాతి గొఱ్ఱెలకు ఏటికి రెండుమార్లు ఉన్ని కత్తిరించి, దానిని ఏకి, వడికి, చింతగింజల గంజి పెట్టి, గుంటమగ్గముపై నేసెడిది గొంగడి. ఏకుట, వడకుట చాలవఱకు స్త్రీల చేతి పని. ఉన్ని ముతకది, ఒంటికి గుచ్చుకొనును. కాని ఆ ముతకదనము వలననే వాన జల్లు వెంటనే లోనికి దిగదు. తలమీదుగా మడచి ముసుగు వేసికొన్న తల, చెవులు, వీపు ఒక్కసారిగా కప్పబడును. “ఎక్కడ వేసిన గొంగడి అక్కడే” యని మనము కదలని పనిని ఎత్తిపొడుతుము గాని, కావలివానికి, కాపరికి గొంగడి కదలక నిలుచుటయే మేలు. మాంసముకొఱకు ఉన్ని లేని నెల్లూరు జాతి గొఱ్ఱెలను పెంచుట హెచ్చినకొలది దక్కనీ మందలు తగ్గినవి; వానితో గొంగడి నేతయు సన్నగిలినది. ఎక్కడనైన మంచి గొంగడి దొరికిన వదలవలదని మా మనవి.

అయితే గొంగడి గట్టున కూర్చున్నవానికే గాని తెప్పమీది వానికి కాదు. లోతు నీట పడిన గొంగడి నీరు త్రాగి బరువెక్కి మనిషిని క్రిందికి లాగును. చేతులకు చుట్టుకొని యీదనీయదు. గంబూట్లును నట్టివే, అవి నీటితో నిండిన కాలు పైకి తీయుట కష్టము. తెప్ప యెక్కువాడు అన్నిటిపైన తొడుగవలసినది లైఫ్ జాకెట్టు. అది ప్రాణరక్ష యగుటయేగాక, దానిలోని నురుగు పలకలు రొమ్మును వీపును గాలినుండి కాచును. ఒక్క వస్తువుతో రెండు మేలులు కలుగునపుడు దాని ధరకు వెనుదీయరాదు.

మేమిపుడు పాటించు క్రమ మిది. ఒంటికి తగులు బట్ట పలుచనిది, త్వరగా ఆరునది కావలెను, పాలియెస్టరు బనియను గాని, సన్నని ఉన్ని బనియను గాని చాలును, నూలు వలదు. దానిపై ఉన్ని స్వెట్టరు. ఆ పైన గాలిని, నీటిని ఆపు రెయిన్‌కోటు. ఈ మూడు కలసి ఒక బరువు కోటుకన్న ఎక్కువ వెచ్చగా నుండును. పని హెచ్చి చెమట పోసినపుడు ఒకటి తీసివేయవచ్చును. చెమటయు తడియే యని మఱవరాదు. తలకు, చెవులకు మఫ్లరు గాని మంకీ టోపీ గాని కావలెను. బట్టలు బిగుతుగా నుండరాదు. బిగిసిన చోట గాలి నిలువదు, రక్తము సరిగా పారదు. అన్నిటికన్న ముఖ్యము, మూత గట్టిగా పడు డబ్బాలో నొక తువ్వాలు, ఒక జత పొడిబట్టలు గట్టున నుండవలెను. నీటినుండి వెలికి రాగానే మార్చుకొనవలెను గాని, ఇంటికి వచ్చి మార్చుకొందుననుట తగదు. తడిబట్టలతో మోటారు సైకిలుపై వచ్చునపుడు తగులు గాలి చెరువులోని చలికన్న క్రూరమైనది. రాత్రులు మంచెపై వరిపంటకు పందుల కావలి యుండువారికి సయితము, నీరు తగులకున్నను మంచు తగులును గనుక, ఇదియే క్రమము; వారికి గొంగడి మఱింత యుక్తము.

కొనునపుడు మోసపోకుండుట కొక యుపాయము కలదు. అంగడిలో ఉన్ని యని చెప్పి యమ్ము వానిలో అనేకములు అక్రిలిక్ నూలువి. అంచునుండి యొక్క పోగు తీసి, పిడుత పట్టకారుతో పట్టి, నీళ్ల గిన్నెపై నుంచి నిప్పు చూపవలెను. నిజమైన ఉన్ని నెమ్మదిగా కాలి, వెండ్రుకలు కాలిన వాసన వేసి, నలిపిన పొడియగును. నూలు కాగితము కాలిన వాసన వేసి మెత్తని బూడిద యగును. అక్రిలిక్, నైలాన్ వంటివి కరగి గట్టి పూసవలె ముద్ద కట్టును. ఇది వట్టి వేడుక కాదు. గట్టున నెగడు వేసికొని కూర్చుండువారిపై నిప్పురవ్వ పడిన, కరగు బట్ట చర్మమునకంటి పుండు చేయును. ఉన్ని యంత సులభముగా నంటుకొనదు. కాబట్టి అక్రిలిక్ స్వెట్టరు గలవారు దానిని పాఱవేయనక్కఱలేదు. త్వరగా ఆరును గనుక నీటి పనికి నూలుకన్న మేలే. నిప్పుకు మాత్రము దూరముగా నుండవలెను.

ఉన్నిబట్టను వేడినీట నుతికిన ముడుచుకొనిపోవును. చన్నీట కుంకుడు రసము కలిపి మెల్లగా ముంచి తీసి, పిండక, పొడి తువ్వాలులో చుట్టి అదిమి, నీడలో పరచి యారవేయవలెను. తీగెపై వ్రేలాడదీసిన సాగును. చలికాలము ముగియగానే చెమట మరకలు లేకుండ చేసి, బాగుగా ఆరనిచ్చి, వేపాకుతో గాని కలరా ఉండలతో గాని మూత పెట్టెలో దాచవలెను. ఉన్నిని తిను పురుగునకు మురికి యున్న చోటు మఱింత ఇష్టము.

ఇక చలి కొట్టినవానిని గుర్తించు విధము ప్రతి యిల్లాలికిని తెలియవలెను. దేహపు వేడి 35 డిగ్రీలకు దిగువకు పడుట ప్రమాదము. తడిసి గజగజ వణకినవాడు వెచ్చబడకయే వణకుట మానుట శుభము కాదు. అది దేహము ఓడిపోవుచున్న గుర్తు. మాట తడబడుట, మత్తుగా నుండుట, చేతి పట్టు సడలుట చూచినంతనే తడిబట్టలు విప్పించి, తుడిచి, పొడి ఉన్నితో తలతో సహా కప్పి, క్రింద నేల చలి తగులకుండ ఏదైన పరచి, కదలించక పరుండబెట్టవలెను. స్పృహ గలిగి మ్రింగగలిగిన తియ్యని వెచ్చని పాలు గాని టీ గాని ఇయ్యవచ్చును. చేతులు కాళ్లు రుద్దరాదు, మంట కెదురుగా కూర్చుండబెట్టరాదు, వేడినీళ్లు పోయరాదు. ఆలస్యము చేయక 108కి ఫోను చేయవలెను. ఒక గుక్క కల్లో సారాయో పోసిన వెచ్చబడునను మాట ప్రాణము తీయు మాట. అది చర్మములోని రక్తనాళములను వెడల్పు చేయుటచే ముఖమునకు వేడిగా తోచును గాని, లోపలి వేడి పైకి వచ్చి గాలిలో కలసిపోవును.

ఈ యేడు ఆ పిల్లవాడు తన సంపాదనతో నొక గొంగడి కొనుక్కొన్నాడు. మూత డబ్బా సంగతి మేము చెప్పక ముందే వృద్ధుడు చెప్పెనట. మేము పాల లెక్కలో మిగిల్చిన డబ్బుతో ఆ తల్లికి ఉన్ని శాలువ కొనవలెనని యనుకొంటిమి. కాని ఈమారు ముందుగా నడిగితిమి: “పెద్దమ్మా, నీకు ఎక్కడ తడుస్తది?”

ఆమె కొంతసేపు మా మొగము చూచినది. “నన్నెవరడిగిన్రు బిడ్డా ఈ మాట? నేను నీళ్లల్ల దిగను గద అనుకుంటరు. గంప నీళ్లు మెడ మీదికెల్లి వీపుకు కారుతయి. పొద్దెక్కేదాక రవికె ఆరదు” అనినది.

కొడుకు కొఱకు చలిబట్టల లెక్క వేసిన మేము, రెండేండ్లుగా మా యరుగుపై గంప దింపుచున్న యామె వీపు తడిసియుండుట చూడనే లేదు. శాలువ యొక్కటే యిచ్చియుండిన అదియు తడిసి, ఆ కోటు కథయే మరల జరిగియుండెడిది. గంప అడుగున పఱచుటకు దళసరి ప్లాస్టికు పట్టా, భుజములపై వేసికొనుటకు రెయిన్‌కోటు గుడ్డ, దాని లోపల శాలువ, అంగడిలో మార్చుకొనుటకు సంచిలో పొడి రవికె, ఇవి కావలసియుండెను. అవియే తెచ్చితిమి.

సోదరీమణులారా, ఈ పుష్యమాసమున మీ యింట గాని, మీ పొరుగున గాని చలిబట్ట కొనదలచినపుడు చేతితో పట్టి మందము చూచుటకు ముందు, తొడుగువారిని ఎక్కడ తడియునో అడుగుడు. మీ పెట్టెలలో మూల పడియున్న గొంగడి యేదైన నున్న ఈ ఆదివారమే తీసి నీడ గాలికి వేయుడు.